పటములో ఊరిపేరు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ప్రసంగపాఠము)



పూర్వము పటమనగా గుడ్డపై అతికిన కాగితము. నేడు పటములలో అధికభాగము కంప్యూటరు ఫైళ్లుగా నున్నవి. అట్టి ఫైలును తెరచినప్పుడు పొలిమేరలు సరిగా నుండును. చెరువు చెరువుచోటనే యుండును. బాట వంక తప్పదు. ఊరిపేరుండవలసిన చోట మాత్రము తలపై గీటుగల ఇంగ్లీషు 'ఏ' అక్షరమొకటి, దాని ప్రక్క చిన్న సున్న, ఏదో యొక గుర్తు, మరల అదే 'ఏ' బారులు తీరి కనబడును. చూచినవారు ఫైలు చెడినదని పారవేయుదురు. లేదా పేర్లన్నియు చేతితో మరల వ్రాయబూనుదురు. రెండును తొందరపాటే. పెక్కు సందర్భములలో ఫైలు చెడియుండదు. ప్రోగ్రాము దానిని తప్పు చదివియుండును.

కంప్యూటరునకు అక్షరములు తెలియవు, అంకెలే తెలియును. 0 మొదలు 255 వరకు గల అట్టి అంకెకు బైటు అని పేరు. ఏ అంకె ఏ అక్షరమో తెలుపు పట్టికయే ఎన్‌కోడింగు. లోకమందలి లిపుల నొక్కచోట చేర్చిన యూనికోడులో తెలుగునకును స్థానము కలదు. దానిని బైట్లుగా వ్రాయు యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిరి. ఇందు ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటు, తెలుగు సంకేతమునకు మూడు. 'క' అనగా 224, 176, 149. దీనిని పశ్చిమ ఐరోపా భాషల పట్టికతో చదివినచో 224 గీటుగల 'ఏ' యగును, 176 చిన్న సున్న యగును. తెలుగు సంకేతములకు మొదటిది ఎప్పుడును 224, రెండవది 176 గాని 177 గాని. హిందీకిని మొదటిది 224యే గాని, రెండవది 164 లేక 165. కావున చదువరాని ఆ గుర్తులను బట్టియే లోపల నున్నది ఏ భాషయో పోల్చుకొనవచ్చును.

పటముల ఫైళ్లలో బహుళ ప్రచారము గలది షేప్ ఫైలు. అమెరికాలోని ఎస్రి సంస్థ దాని వివరణమును 1998లో ప్రకటించెను. పేరునకు ఫైలే గాని నిజమునకది ఫైళ్ల కట్ట: హద్దులొక దానిలో, వాని సూచిక యింకొక దానిలో, ఊరిపేర్లు మొదలగు వివరములు డీబీఎఫ్ అను మూడవదానిలో నుండును. ఈ డీబీఎఫ్ అంతకుముందే యున్న డీబేస్ అను ప్రోగ్రామునుండి వచ్చిన పాత సొత్తు. అక్షరముల పట్టిక ఏదో తెలుపుటకు దాని శిరోభాగమున ఒక్క బైటు మాత్రమే కలదు. ఆ కొరత తీర్చుటకై సీపీజీ అను చిన్న ఫైలును జతచేయుదురు. అందుండవలసినది 'యూటీఎఫ్-8' అను ఒక్క మాట. ఇంత చిన్నది ఎందుకులే యని పంపువారు దీనినే విడిచిపెట్టుదురు. విస్తీర్ణపు లెక్క పంపి, అది ఎకరములలోనో సెంట్లలోనో తెలుపనట్లన్నమాట.

చికిత్స కష్టము కాదు. ముందుగా మూలప్రతిని ముట్టక వేరుగా దాచవలెను. సి.పి. బ్రౌను దొర ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు వ్రాతప్రతులు తెప్పించి పండితులచే పోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. దిద్దుట యనగా మూలముపై గీతలు గీయుట కాదు. పిదప ఆ ఒక్క మాటగల ఫైలును షేప్ ఫైలు పేరుతోనే, సీపీజీ యను తోక తగిలించి, అదే ఫోల్డరులో నుంచవలెను. క్యూజీఐఎస్ అను ఉచిత ప్రోగ్రాములో ఎన్‌కోడింగును మార్చి చూచుటకును వీలు కలదు. పేర్లు కుదిరినట్లు తోచినచో పది పేర్లను ఆ ప్రాంతము నెరిగినవారిచే చదివించి, అటుపిమ్మట క్రొత్త ప్రతిగా భద్రపరుపవలెను.

అసలు ప్రమాదము వేరొకచోట నున్నది. తప్పు చదివిన దానిని అట్లే భద్రపరచుటయే అది. విండోస్ 1252 అను పట్టికలో 129, 141, 143, 144, 157 అను అయిదు స్థానములు ఖాళీలు. తెలుగులో కొమ్ము గుర్తు మూడవ బైటు 129. పొల్లు గుర్తు మూడవ బైటు 141. పట్టికను కచ్చితముగా పాటించు ప్రోగ్రాము ఆ రెంటిని గుర్తింపలేక ప్రశ్నార్థకము పెట్టి భద్రపరచును. పొల్లు లేనిది వత్తు లేదు. కొమ్ము లేనిది ఉకారాంతమైన తెలుగు మాట లేదు. 'కర్నూలు' అను పేరున రెండును గలవు. ఇట్లు పోయిన దానిని ఏ పట్టిక మార్చినను తిరిగి రాదు.

చోటు చాలమి మరియొక దోషము. 'శ్రీకాకుళం' కంటికి నాలుగక్షరములు. యూనికోడున పది సంకేతములు. డీబీఎఫులో ముప్పది బైట్లు. ఇంగ్లీషున పది బైట్లతో సరిపోవును. ఇంగ్లీషు పేర్లను చూచి 20 బైట్ల గడి యేర్పరచినచో 'కర్నూలు'నకే 21 కావలసి, చివరి కొమ్ము సగములో తెగును. డీబీఎఫున గడి 254 బైట్లవరకు పెంచవచ్చును గనుక ముందుగానే విశాలముగా నుంచుట మేలు. గడి శీర్షికకు మాత్రము పది బైట్లే మితి: 'ఊరు' అని వ్రాయుటకు చోటు కలదు, 'గ్రామము' అని వ్రాయుటకు లేదు! 2014లో ప్రమాణముగా వెలువడిన జియోప్యాకేజీలో ఈ యిరుకు లేదు. అంతయు ఒక్క ఫైలులోనే యుండుటచే తోక తెగు భయమును లేదు. క్రొత్తగా పటములు సిద్ధపరచువారు ఇంకను షేప్ ఫైలునే పట్టుకొని వ్రేలాడుట అలవాటే గాని అవసరము కాదు.

పాత ముద్రణాలయపు ఫాంట్లతో వ్రాసిన పేర్లు వేరు జాతి. అక్కడ ఇంగ్లీషు అక్షరముల చోటులనే తెలుగక్షరముల తునుకలుండును. వానికి పట్టిక మార్చుట పనిచేయదు. ఆ ఫాంటునకు తగిన మార్పిడి సాధనము కావలెను.

ప్రశ్నార్థకములే మిగిలిన ఫైలునకు మాత్రము యంత్రము చేయగలది లేదు. ఇంగ్లీషు గడిని చూచి పేర్లు తిరిగి వ్రాయవచ్చును గదా యందురు. ఇంగ్లీషులో లకార ళకారములకు ఒక్కటే అక్షరము, ద డ లకును ఒక్కటే, దీర్ఘము తెలియదు. ఎరుగనివాడు 'శ్రీకాకులం' అని వ్రాసినను ఆ గడి కాదనదు. అట్టిచోట పాత అడంగళ్లు వెదకవలెను, గుడిముందరి శాసనమును చదువవలెను, ఆ ఊరి వృద్ధులను అడుగవలెను.