అడగలేక ఆగిపోయిన మాట
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ అనేది దయతో వేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. ఆ రోజును తలచుకునే ఏటా ఇలా కలుసుకుంటున్నాం. డి.ఏ. గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడవలసినవారు మాట్లాడారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు పిల్లల ఇంగ్లీషు చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పంతులును కాను. 1972 నుంచి 2008 వరకు ఫైళ్ళ మధ్య బతికిన గుమాస్తాను. కాబట్టి నా అనుభవంలోంచే మనవి చేసుకుంటాను.

1961లో మా ఊరి హైస్కూల్లో ఆరో తరగతిలో చేరినప్పుడు నాకు ఏ.బి.సి.డి.లు మొదలయ్యాయి. మాస్టారు ఒక వాక్యం చదివి తెలుగులో అర్థం చెప్పేవారు, మేము రాసుకుని బట్టీ పట్టేవాళ్ళం. ఆవు మీద వ్యాసం, సెలవు చీటీ, తండ్రికి ఉత్తరం అన్నీ కంఠతా వచ్చేవి. కాని ఆ ఆరేళ్ళలో తరగతిలో నేను నోరు తెరిచి పలికిన ఇంగ్లీషు "ఎస్ సార్", "ప్రెజెంట్ సార్" మాత్రమే. అయినా మంచి మార్కులే వచ్చాయి.

ఉద్యోగంలో చేరాక మా హెడ్ గుమాస్తాగారు పాత ఫైళ్ళు ముందు పడేసి, "వీటిని చూసి రాయవోయ్, అదే వస్తుంది" అన్నారు. నిజంగానే వచ్చింది. "ఐ యామ్ డైరెక్టెడ్ టు స్టేట్" అని మొదలుపెడితే రెండు పేజీల డ్రాఫ్టు ఆగకుండా రాసేవాణ్ణి. నా నోట్లో తప్పు పట్టిన ఆఫీసరు అరుదు. ఇంగ్లీషు వచ్చిందనే అనుకున్నాను.

ఇక ఇంతకాలం ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 1979లో మా ఆఫీసుకు ఉత్తరాది నుంచి కొత్త ఆఫీసరు వచ్చారు. ఆయనకింకా తెలుగు రాదు. అప్పుడే మా దగ్గర పనిచేస్తూ చనిపోయిన అటెండరు భార్య ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నా సీటులో ఉన్నాయి. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు ఒకటి, దరఖాస్తులో మరొకటి. మొదటిది ఇంట్లో పిలుచుకునే పేరు, రెండోది అసలు పేరు. రెండూ ఒకరివేనని ధ్రువపత్రం ఫైల్లోనే ఉంది. ఆఫీసరు నన్ను పిలిపించి, ఈ ఇద్దరిలో అసలు భార్య ఎవరని ఇంగ్లీషులో అడిగారు. ప్రశ్న అర్థమైంది. జవాబు తెలుసు. పేజీ నంబరు కూడా తెలుసు. కాని నోటి నుంచి "సార్... సార్..." తప్ప మరో మాట రాలేదు. ఆయన కాసేపు చూసి, పూర్తి వివరాలతో మళ్ళీ పంపమని రాసి ఫైలు పక్కన పడేశారు. అది మళ్ళీ తిరిగి తిరిగి మంజూరయ్యే సరికి నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలలూ ఆమె ఇద్దరు పిల్లలతో వచ్చి మా ఆఫీసు వేపచెట్టు కింద కూర్చునేది. నన్ను చూస్తే లేచి నమస్కారం పెట్టేది. నా తలే పైకి లేచేది కాదు.

ఎందుకలా అయింది? తర్వాత చాలా ఆలోచించాను. మన భాషలో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో మధ్యలో వస్తుంది. మనం "బల్ల మీద" అంటే వాళ్ళు "మీద"ను ముందు పెడతారు. మనకు ఆకలి "వేస్తుంది", వాళ్ళు తామే ఆకలిగా "ఉంటారు". "ఏ", "ది" అనే చిన్న మాటలకు మన భాషలో సాటి వచ్చేవి లేవు. కాగితం మీదైతే వీటన్నిటినీ సరిచూసుకునే వ్యవధి ఉంటుంది. ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ మాట్లాడేటప్పుడు ఉండదు. ఇంకొకటి, నవ్వకండి. అంత పెద్ద ఆఫీసరును "యూ" అనడం నాకు "నువ్వు" అన్నట్టే ఉండేది. మన "మీరు"కు అక్కడ వేరే మాట లేదు. అన్నిటికంటే పెద్దది భయం. తప్పు మాట్లాడితే నవ్వుతారనే భయం.

ఆ కాలం పోయిందిగా అంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. మా అపార్టుమెంటు వాచ్‌మన్ కొడుకు ప్రభుత్వ పాఠశాలలో ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఒక సాయంత్రం సైన్సు పాఠం గడగడా చదువుతుంటే ముచ్చటేసి, "దీని భావమేమిట్రా?" అని అడిగాను. తల వంచుకున్నాడు. "టీచరుగారిని అడగలేదా?" అంటే, "ఇంగ్లీషులో అడగాలంట తాతగారూ. నాకు రాదుగా, అందుకే అడగను" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. 1979లో ఆఫీసరు గదిలో నిలబడ్డ గుమాస్తాయే మళ్ళీ నా ఎదుట కూర్చున్నట్లయింది.

గురజాడవారి "కన్యాశుల్కం" 1897లో అచ్చయింది. అందులో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషు ముక్కలేవో వల్లిస్తే తల్లి మురిసిపోతుంది. ఇప్పటికీ పిల్లవాడు గడగడా చదివితే చాలని మురిసిపోయే తల్లిదండ్రులు తక్కువేమీ లేరు.

ఏ మాధ్యమంలో చదవాలన్న వాదంలోకి నేను పోను. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన ఉత్తర్వులూ, 2020లో హైకోర్టు తీర్పూ, తెలంగాణలో 2022లో తీసుకున్న నిర్ణయమూ మీరు పేపర్లలో చదివినవే. ఆ తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అది మంచి పని. ఆ కుర్రవాడికి నేను చేసిందల్లా, ముందు తెలుగు పేజీ చదివించడమే. "కిరణజన్య సంయోగక్రియ" అంటే ఆకు ఎండలో తన అన్నం తానే వండుకోవడమని చెప్పాను. కళ్ళు వెలిగాయి. తర్వాత ఇంగ్లీషు పేజీ చదివితే వాడికి అది కొత్త పాఠం కాలేదు, తెలిసిన పాఠానికి కొత్త మాటలయ్యాయి.

నాకు తోచినంతవరకు పిల్లలకు కావలసినవి నాలుగు. మొదటిది, తెలియనిదాన్ని తెలుగులో అడిగే స్వేచ్ఛ. రెండోది, వినడం. తల్లి ఒడిలో బిడ్డ ముందు వింటాడు, తర్వాత పలుకుతాడు, ఆ తర్వాతే చదవడం, రాయడం. మనకు బడిలో ఈ వరుస తలకిందులైంది. మూడోది, రోజూ పది నిమిషాలైనా సొంత మాటలు: ఇవాళ ఏం తిన్నాను, బడికి ఎలా వెళ్ళాను. పెద్ద వ్యాసాలు అక్కర్లేదు. నాలుగోది, తప్పు మాట్లాడినా నవ్వని మనిషి ఎదురుగా ఉండటం.

ఈ నాలుగింటికీ డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలి. అది మన దగ్గర ఉంది. మన సంఘం గది సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా ఖాళీగానే ఉంటుంది. వారానికి రెండు రోజులు చుట్టుపక్కల పిల్లలను కూర్చోబెట్టుకుందామని నా ప్రతిపాదన. ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను: మన ఆఫీసు ఇంగ్లీషు వాళ్ళకు అంటించకండి. "డు ది నీడ్‌ఫుల్" మనతోనే రిటైరవనివ్వండి!

ఆ వాచ్‌మన్ కొడుకు మొన్న వచ్చి, "తాతగారూ, ఇవాళ క్లాసులో డౌటు అడిగాను. సగం తెలుగు, సగం ఇంగ్లీషు" అన్నాడు. టీచరుగారు కోప్పడలేదట, జవాబు చెప్పారట. నేను ఆఫీసరు గదిలో చెప్పలేకపోయిన మాటను వాడు తన తరగతిలో అడిగాడు. వేపచెట్టు కింద కూర్చున్న ఆ తల్లికి నేను పడిన బాకీ ఇలా కాస్తయినా తీరుతుందని నా ఆశ.