పందికి చల్లని దొడ్డి



పోయిన ఎండాకాలం సోమల దగ్గర ఒక పల్లెకు పోయినాను. అక్కడ ఒకాయన రెండు తెల్ల పందులను సాకుతున్నాడు. అమ్మేదానికి కాదు, ఇష్టంకొద్దీ. బిడ్డలకు పెట్టినట్టు పేర్లు పెట్టుకున్నాడు, పిలిస్తే పరిగెత్తుకొచ్చేవి. ఆయన బాధల్లా ఒకటే. "పొద్దున కడిగితే మధ్యాహ్నానికి మళ్ళీ పెంటలో పొర్లుతాయి సార్. వీటి గుణమే ఇంతనా?" అని అడిగినాడు.

నేను దొడ్డిలోకి వంగి పోయి, చెయ్యెత్తి పైన రేకును తాకబోయి వెనక్కి తీసుకున్నాను. అంత కాలుతోంది. మూడు పక్కలా నిలువెత్తు గోడ, గాలి ఆడే దారి లేదు. ఆ దొడ్డిలో తడిగా, చల్లగా ఉండేది వాటి ఉచ్చ, పెంట పడిన మూల ఒక్కటే. పాపం, అవి అక్కడే పడుకున్నాయి. గుణం చెడ్డది కాదన్నా, ఎండకు తాళలేక పడుకున్నాయి అని చెప్పినాను.

ఈ మాట మీకందరికీ చెప్పాలనే ఈరోజు వచ్చినాను. మనకు ఎండ తగిలితే చెమట పోస్తుంది, ఒళ్ళు చల్లబడుతుంది. పందికి ఆ వరం లేదు. ఒళ్ళు చల్లబడేంత చెమట దానికి పట్టదు. రొప్పాలి, లేదంటే ఒళ్ళు తడుపుకోవాలి. నీళ్ళుంటే నీళ్ళలో, బురద ఉంటే బురదలో, ఏదీ లేకపోతే పెంటలో పొర్లుతుంది. పెద్ద పందికి ఇరవై అయిదు డిగ్రీలు దాటని చల్లదనం హాయి. సోమల, సదుం, చౌడేపల్లె, పుంగనూరు లాంటి మన పడమటి మండలాలు కింద ఊళ్ళకంటే కొంచెం చల్లనే అయినా, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎంత ఉంటుందో మీకు తెలుసు. నీడ, నీళ్ళు, చోటు ఇచ్చి చూడండి. పంది తాను పడుకునే చోట పెంట వేయదు. నేను చూసిన సాకుడు జంతువుల్లో ఇంత శుభ్రం పాటించేది తక్కువ.

దొడ్డి కట్టే ముందు చెట్టు వెతకండి. వేప, కానుగ, చింత, ఏదైనా సరే. చెట్టు నీడకు సాటి వచ్చే కప్పు లేదు. దొడ్డి పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఉదయం ఎండా, సాయంత్రం ఎండా లోపలికి తక్కువ పడతాయి. కప్పు ఎనిమిది, పది అడుగుల ఎత్తున ఉండాలి. రేకులు వేసే ఉంటే తీసేయమని చెప్పను, ఖర్చు నాకు తెలుసు. వాటి మీద చెరకు ఆకో, బోదో, కొబ్బరి మట్టలో మందంగా పరచండి. చెరకు కొట్టినాక తోటలో కాల్చేసే ఆ ఆకే మీ పందికి గొడుగు అవుతుంది. పక్క గోడలు నాలుగు అడుగులు దాటొద్దు, ఆపైన గాలికి వదిలేయండి. అయితే మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి వస్తాయి కదా. తుఫాను పట్టినప్పుడు జల్లు నేరుగా లోపలికి కొడుతుంది. ఆ పక్కన గోనెసంచుల పరదా ఒకటి కట్టుకోండి, వానప్పుడు దించేది, ఎండప్పుడు ఎత్తేది.

ఇప్పుడు లోపలి అమరిక. పెద్ద పంది ఒక్కోదానికి కప్పు కింద ఇరవై నుంచి ముప్పై చదరపు అడుగులు, బయట తిరిగేదానికి ఇంకో పదిహేను, ఇరవై అడుగులు కావాలి. ఇష్టంగా సాకేవాళ్ళు బయటి చోటు ఎంత ఎక్కువ ఇస్తే అంత మంచిది. నేల ఒక పక్కకు వాలుగా ఉండాలి. ఎత్తు పక్కన పొడి గడ్డి పరిచి పడక వేయండి. పల్లం పక్కన నీళ్ళ తొట్టి పెట్టండి. పంది సహజంగా తడి చోటునే పెంటకు ఎంచుకుంటుంది. నీళ్ళు పడక దగ్గర పెడితే పడకే పాడవుతుంది. నేను చెప్పిన ఆ ఇంట్లో జరిగిందీ అదే. మేమిద్దరం కలిసి తొట్టిని ఎదురు మూలకు జరిపినాము, రేకు మీద ఆకు కప్పినాము. వారం తర్వాత పోతే పడక పొడిగా ఉంది, పెంట అంతా ఒక మూలనే ఉంది. ఆయన మొహం చూడాల్సింది!

సిమెంటు నేల వేస్తే నున్నగా తీయించొద్దు, కాళ్ళు జారి గిట్టలు, కీళ్ళు దెబ్బతింటాయి. పడకకు వరిగడ్డి మేలు. వేరుశనగ పొట్టు కూడా వాడొచ్చు, కానీ బూజు పట్టినది అసలు వద్దు, అది విషం. ఎండాకాలం పడక పలుచగా, చలికాలం మందంగా వేయండి.

బయట చెట్టు కింద అడుగు లోతున ఒక బురద గుంట తీయండి. ఒంటికి పట్టిన బురద మెల్లగా ఆరుతూ చాలాసేపు చల్లదనం ఇస్తుంది, ఈగలను ఆపుతుంది, తెల్ల పందుల చెవులూ వీపూ ఎండకు కమిలిపోకుండా కాపాడుతుంది. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు మూడు పాళ్ళు లార్జ్ వైట్ యార్క్‌షైర్, ఒక పాలు నాటు రక్తంతో రూపొందించిన టీ-17 రకం పిల్లలను తెచ్చుకున్నవాళ్ళూ ఈ నీడ, బురద సంగతి మరవొద్దు. ఎండ దెబ్బకు పంది పడిపోతే బిందెడు చన్నీళ్ళు ఒక్కసారి దాని మీద గుమ్మరించకండి. నీడకు చేర్చి, నేల తడిపి, చెవులు, కాళ్ళు మెల్లగా తడుపుతూ డాక్టరును పిలవండి.

గుంటలో నీళ్ళు మాత్రం నిలవ ఉంచొద్దు, రెండు మూడు రోజులకు మార్చండి. మెదడువాపు జ్వరం క్రిమి పందిలో పెరిగి, దోమ ద్వారా మనిషికి చేరుతుంది. ఆ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1955లో, మన పక్కనే ఉన్న వేలూరు ప్రాంతంలో. అందుకే దొడ్డి పిల్లలు పడుకునే ఇంటికి దూరంగా ఉండాలి, సాయంత్రం దోమతెర దించాలి. పందిని దొడ్డిలో ఉంచడం వల్ల ఒక మేలుంది. ఊరి బయట మనిషి మలం తిన్న పందికే బద్దెపురుగు పిల్లలు కండలో చేరతాయి. ఆ పురుగు గుడ్లు మనిషి కడుపులో పడితే వాటి పిల్లలు మెదడుకెక్కి మూర్ఛలు రావచ్చు. మరుగుదొడ్డి వాడే ఇల్లు, కంచె ఉన్న దొడ్డి, ఈ రెండూ ఉంటే ఆ గొలుసు తెగిపోతుంది.

కంచె సంగతికొస్తే, పంది ముట్టెతో కింది నుంచి ఎత్తుతుంది. అందుకని రాతి కూసాలు లోతుగా పాతి, అడుగున బండలు అడ్డం వేయండి. దయచేసి కరెంటు తీగ మాత్రం కట్టొద్దు. అడవి అంచు ఊళ్ళు మనవి, ఏనుగులు తిరుగుతాయి, మనుషులూ తిరుగుతారు. తవుడు, బెల్లం డ్రమ్ములో పెట్టి మూత బిగించండి, ఆ వాసన ఏనుగును పిలుస్తుంది. అడవి పందులు మీ పందులను తాకకుండా రెండో కంచె ఉంటే ఇంకా మంచిది. 2020లో అస్సాం, అరుణాచల్‌లో మొదటగా బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మనుషులకు రాదు గానీ, పందులను మందల కొద్దీ చంపుతుంది. అది ఎంగిలి మాంసంతోనూ వస్తుంది. హోటలు ఎంగిలి తెచ్చి పెట్టడం మానుకోండి. మదనపల్లె మార్కెట్టులో ధర పడిపోయినప్పుడు పారబోసే పండు టమోటాలు కొంచెం పెట్టొచ్చు, ఆకు, పచ్చికాయ వద్దు.

చూడి పంది మూడు నెలల, మూడు వారాల, మూడు రోజులకు ఈనుతుంది. ఈనేందుకు విడిగా డెబ్బై అయిదు నుంచి వంద చదరపు అడుగుల గది ఇవ్వండి. గోడ వెంబడి, గోడకూ నేలకూ ఎనిమిది పది అంగుళాల ఎడంలో ఒక కడ్డీ బిగించండి. తల్లి పడుకునేటప్పుడు పిల్లలు ఆ కడ్డీ కిందకు దూరి బతుకుతాయి. తల్లికి చల్లదనం కావాలి, అప్పుడే పుట్టిన కూనలకు ముప్పై రెండు డిగ్రీల పైన వెచ్చదనం కావాలి. అందుకే కడ్డీ వెనక మూలలో ఒక బల్బు వేలాడదీయండి.

మీ ఇంట్లో కూనలుంటే, ఈ రాత్రి భోజనాలయినాక లాంతరో, టార్చిలైటో పట్టుకుని ఒకసారి దొడ్డి దగ్గరికి పోండి. కూనలు ఒకదాని మీద ఒకటి గుట్టగా పడుకుంటే చలి వేస్తున్నట్టు, బల్బును కిందికి దించండి. మూలకొకటిగా దూరం జరిగి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు, పైకి ఎత్తండి. పక్కపక్కనే సాగిలపడి హాయిగా నిద్రపోతుంటే శబ్దం చేయకుండా వెనక్కి వచ్చేయండి.