ఎలుక చల్లబడ్డాక: కోయంబత్తూరు, మదురై సీమల తెలుగువాళ్ళూ ప్లేగూ



కోయంబత్తూరులో ప్లేగు మారియమ్మ గుళ్ళు చాలా ఉన్నాయి. మన నాయుళ్ళు ఎక్కువగా స్థిరపడిన పీళమేడులోనూ ఒకటుంది. 1896లో బొంబాయిలో బయటపడిన ప్లేగు కొన్నేళ్ళకే మద్రాసు రాష్ట్రానికి పాకింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో కోయంబత్తూరును మళ్ళీమళ్ళీ పట్టి పీడించింది. విచిత్రమేమిటంటే, రేవూ రైళ్ళూ ఇరుకు పేటలూ అన్నీ ఉన్న మద్రాసు నగరం చాలావరకు తప్పించుకుంది. అప్పటి మదురై జిల్లాలోనూ మైదానంలో కంటే పడమటి కొండల కింది కంబం లోయలోనే రోగం వేళ్ళూనింది. ఈ తేడాకు కారణం వెతకాలంటే ఎలుక ఒంటి మీద బతికే ఒక పురుగు గొంతులోకి తొంగిచూడాలి.

రెక్కలు లేకుండా ఎగిరి దూకే ఆ పురుగును ఇక్కడి తమిళంలో తెళ్ళు అంటారు. నేనూ ఆ మాటే వాడతాను. ప్లేగు సూక్ష్మజీవిని 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ గుర్తించాడు. అది ఎలుక నుంచి ఎలుకకు ఎలా చేరుతుందో తేల్చింది పాల్ లూయీ సిమోన్. 1898లో కరాచీలో ఆయన జబ్బు ఎలుకనూ మంచి ఎలుకనూ ఒకదాన్నొకటి తాకకుండా, తెళ్ళు మాత్రం అటూ ఇటూ దాటగలిగేలా ఉంచాడు. జబ్బుది చచ్చింది, తర్వాత మంచిదీ ప్లేగుతోనే చచ్చింది. చాలామంది పెద్ద డాక్టర్లు నమ్మలేదు. 1905లో మొదలైన ప్లేగు కమిషన్ బొంబాయి పరేల్‌లో పంజరాలతో పరీక్షలు చేశాక గాని ఆయన మాట నిలబడలేదు.

1914లో లండన్ లిస్టర్ సంస్థలో బేకట్, మార్టిన్ అసలు కిటుకు కనిపెట్టారు. జబ్బు ఎలుక రక్తంతో తెళ్ళు కడుపులో చేరిన సూక్ష్మజీవులు అక్కడ పెరిగి, గొంతుకూ కడుపుకూ మధ్యనున్న ముళ్ళ సంచిలో గడ్డ కడతాయి. ఇక కొత్త రక్తం లోపలికి దిగదు. గొంతులో ముద్ద అడ్డుపడినవాడు నీళ్ళు తాగబోతే వెనక్కి వచ్చినట్టు, పీల్చిన రక్తం సూక్ష్మజీవులతో కలిసి కరిచిన చోటికే తిరిగొస్తుంది. కడుపు నిండదు కాబట్టి తెళ్ళు మళ్ళీమళ్ళీ కరుస్తుంది. గడ్డ కట్టకముందే అంటించే తెళ్ళూ ఉంటాయని ఈ శతాబ్దపు పరిశోధనలు చూపాయి గాని, బేకట్, మార్టిన్‌ల లెక్క తప్పని ఎవరూ అనలేదు.

వేడి 28 డిగ్రీల పైకి పోతే ఆ గడ్డ అంత బాగా నిలవదు. ఎండా పొడిగాలీ తెళ్ళు ఆయుస్సునూ తగ్గిస్తాయి. సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తున, పాలఘాటు కనుమ గాలి తగిలే కోయంబత్తూరు దానికి అనువైన చోటు. కంబం లోయా అంతే. జార్జ్, వెబ్‌స్టర్ అనే ఇద్దరు అక్కడ ప్లేగు మీద పరిశోధించి 1934లో నివేదిక ప్రచురించారు. ఇంకో సంగతి తెళ్ళు జాతి. కొలంబోలో పనిచేసిన హర్స్ట్, మన దేశపు తెళ్ళను పరిశీలించిన క్రాగ్ ఇద్దరూ దీన్ని పట్టుకున్నారు. మద్రాసు ఎలుకల మీద ఎక్కువగా ఉండేది ఆస్టియా జాతి. దానికి ప్లేగును అంటించే శక్తి తక్కువ. ప్రమాదకరమైన చియోపిస్ జాతి ధాన్యంతో, పత్తితో కలిసి ఊళ్ళు దాటుతుంది.

ఇక్కడే మన కథ కలుస్తుంది. విజయనగర కాలంలో, మదురై నాయకుల కాలంలో దక్షిణానికి వచ్చిన కమ్మవారు, కంబళత్తు నాయకులు ఎన్నో చోట్ల నల్లరేగడి నేలలు చూసుకుని ఊళ్ళు కట్టారు. నల్లరేగడి అంటే పత్తి, జొన్న. ఇంట్లో ధాన్యం, పక్కగదిలో పత్తి బోరాలు ఉంటే ఎలుకకు అంతకన్నా సుఖం ఏముంది? కోయంబత్తూరును సంపన్నం చేసిన పంటే దాని ఎలుకలనూ పోషించిందని నా అభిప్రాయం.

ఎలుక బతికున్నంతవరకు తెళ్ళుకు మనిషితో పని లేదు. ఎలుక చచ్చి ఒళ్ళు చల్లబడితేనే అది వెచ్చటి ఒంటి కోసం బయల్దేరుతుంది. అందుకే మనుషుల కంటే ముందు ఎలుకలు రాలేవి, తర్వాత ఇళ్ళలో జ్వరం, గజ్జల్లో, చంకల్లో బిళ్ళలు. ఎలుకలు రాలగానే ఇల్లు వదిలి చేలల్లో పాకలు వేసుకున్న రైతుల్ని మూఢులనడం అన్యాయం. తెళ్ళు సంగతి తెలియకపోయినా దాని దారి నుంచి వాళ్ళు తప్పుకున్నారు.

తప్పుకునే వీలు లేనివాళ్ళూ ఉన్నారు. చచ్చిన ఎలుకను ఎత్తి పారేసే పని పాకీ పనివాళ్ళ మీదే పడేది. కోయంబత్తూరులో ఆ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు. ఆకలిగొన్న తెళ్ళు అందరికంటే ముందు చేరేది ఆ చేతుల మీదికే. దక్షిణాది తెలుగువాళ్ళ చరిత్ర అంటూ మనం రాసుకున్న పుస్తకాల్లో పాలెగార్లు, మిల్లు యజమానులు నిండా ఉన్నారు, వీళ్ళ ఊసే ఉండదు.

డీడీటీ, స్ట్రెప్టోమైసిన్ వచ్చాక రోగం వెనక్కి తగ్గింది. 1994లో సూరత్‌లో ప్లేగు మళ్ళీ దేశాన్ని వణికించింది. ఇప్పటికీ ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే సరిహద్దుల పొలాల్లో జెర్బిల్ అనే బొరియ ఎలుకల మీద నిఘా ఉంది. మన మునిసిపాలిటీలు గుర్తుంచుకోవలసిన వరస ఒకటుంది: ప్లేగు అనుమానం ఉన్న చోట ముందు తెళ్ళును మందు చల్లి చంపాలి, ఎలుకల జోలికి ఆ తర్వాతే పోవాలి. వరస తిరగేస్తే ఆ పురుగులన్నిటినీ మన మీదికి మనమే తోలుకున్నట్టు.