ప్రజాధనము – ఆశ్రితపోషణము

(స్థానిక పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



నేడు నేను విన్నవింపదలచిన విషయము దూరదేశమునకు సంబంధించినది. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 2009వ సంవత్సరమున ప్రభుత్వము ఆర్థికమాంద్యమును తొలగించుటకై అపారధనమును వ్యయపరచ బూనినపుడు, అచ్చటి కన్సర్వేటివు పక్షీయులు కొన్ని భయములను వెల్లడించిరి. ఆ భయములెట్టివి? వానిలో నిజమెంత, అతిశయోక్తి యెంత? ఇదియే నేటి ప్రస్తావము. వడ్డించువాడు మనవాడైన కడపంక్తిని కూర్చున్నను ఒక్కటే యని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెత నెరిగిన జాతికి ఆ వాదము పరాయిది గాజాలదు.

ముందుగా జరిగినది చెప్పెదను. 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్సు అను గొప్ప ధనసంస్థ దివాలా తీసెను. బ్యాంకులు ఒకదానినొకటి నమ్మక అప్పులిచ్చుట తగ్గించినవి. లక్షలకొలది జనులు ఉద్యోగములు పోగొట్టుకొనిరి. 2009 జనవరిలో అధ్యక్షపదవి స్వీకరించిన బరాక్ ఒబామా, 78,700 కోట్ల డాలర్ల శాసనమునకు ఫిబ్రవరి 17వ తేదీన డెన్వరు నగరమున సంతకము చేసెను. అందు సుమారు మూడవవంతు పన్నుల తగ్గింపు. తక్కినది నిరుద్యోగుల భృతులకును, రాష్ట్ర ప్రభుత్వముల సాయమునకును, రోడ్లు, పాఠశాలలు, విద్యుత్తు మొదలగు పనులకును ఉద్దేశింపబడినది. ప్రతినిధిసభలో రిపబ్లికను పక్షమువారిలో ఒక్కరైనను దానికి ఓటు వేయలేదు. సెనేటులో మువ్వురు మాత్రము అనుకూలించిరి. వేయి పుటలకు మించిన ఆ శాసనపాఠము తుది ఓటునకు ముందటి రాత్రి గాని సభ్యుల చేతికి రాలేదు. ఇంత ధనమును పంచు పత్రమును చదువుటకు ఒక్క రాత్రియేనా యని ప్రతిపక్షమువారు అడిగిరి. ఆ ప్రశ్న పక్షభేదము లేకుండ ఎవరైనను అడుగదగినదే.

ప్రతివాది మాట వినక తీర్పు చెప్పుట న్యాయము గాదు. కావున ప్రభుత్వపక్షపు వాదమును ముందు చెప్పెదను. జనులు భయముచే ఖర్చు మానుకొందురు. వర్తకుడు సరకు అమ్ముడుపోక పనివాండ్రను తీసివేయును. పని పోయినవాడు మరింత ఖర్చు మానును. ఈ చక్రమును ఆపుటకు, ఎవ్వరును ఖర్చుపెట్టని కాలమున ప్రభుత్వమే అప్పు చేసియైనను ఖర్చుపెట్టవలెనని ఆంగ్లదేశపు అర్థశాస్త్రవేత్త కీన్సు 1936లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. ఇది త్రోసిపుచ్చదగిన వాదము గాదు. ఆకలిగొన్నవానికి మితవ్యయమును బోధించుట ధర్మము గాదు గదా!

ఇక వాదిపక్షము. వారి మొదటి భయము ఋణమును గూర్చినది. 2009వ ఆర్థికసంవత్సరమున ఆ దేశపు లోటు సుమారు 1,40,000 కోట్ల డాలర్లు. ఈ లోటంతయు ఆ ఒక్క శాసనమువలన కలిగినది గాదు. మాంద్యము వలన పన్నులు తగ్గుట, బ్యాంకుల రక్షణవ్యయము మొదలగు కారణములు పెక్కు గలవు. అయినను ఆ అప్పు తీర్చవలసినవారిలో నాటికి ఓటుహక్కు లేని పిల్లలును, ఇంకను పుట్టనివారును కలరు. వ్యాజ్యమున కక్షిదారుడు గాని వానిమీద డిక్రీ చెల్లదని మా వృత్తిలో మొదట నేర్చుకొను పాఠము. ఇచ్చట పుట్టనివానిమీదనే డిక్రీ పుట్టుచున్నది.

దీనికి మన హిందూ ధర్మశాస్త్రము ఒక చక్కని కొలత నిచ్చుచున్నది. మైనరు ఆస్తిని నిర్వహించు సంరక్షకుడు ఆ ఆస్తిమీద అప్పు చేయవచ్చునా? చేయవచ్చును, కాని ఆవశ్యకత యుండవలెను, లేదా ఆ యాస్తికే లాభము కలుగవలెను. 1856లో హనుమాన్ ప్రసాద్ పాండే వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు ఈ నియమమును స్థిరపరచెను. ప్రభుత్వమును రాబోవు తరములకు సంరక్షకునిగా భావింపుడు. నిరుద్యోగులకు అన్నము పెట్టుట ఆవశ్యకత. నూరేండ్లు నిలుచు వంతెన ఆస్తికి లాభము. కాని సంరక్షకుడు తన బావమరదికి కంట్రాక్టు కట్టబెట్టుట యేమగును? అది అత్త సొమ్ము అల్లుడు దానము చేయుటయే యగును. కావున అప్పు చేసినారా లేదా అనునది చాలిన ప్రశ్న గాదు. దేనికొరకు చేసిరి, అది దానికే చేరెనా యని అడుగవలెను.

రెండవ భయము ఫలితమును గూర్చినది. ఈ శాసనము వచ్చినచో నిరుద్యోగము నూటికి ఎనిమిదికి మించదని ఒబామా పక్షపు అర్థశాస్త్రవేత్తలు 2009 జనవరిలో అంచనా వేసిరి. ఆ సంవత్సరము అక్టోబరునాటికి అది నూటికి పది అయ్యెను. రోగము మేమెంచినదానికంటె తీవ్రమైనదని ప్రభుత్వము సమాధానము చెప్పెను. కాంగ్రెసు బడ్జెటు కార్యాలయము లక్షలకొలది ఉద్యోగములు ఈ వ్యయమువలన నిలిచినవని లెక్కగట్టెను. కాని దాని అంచనాలలో తక్కువ సంఖ్యకును ఎక్కువ సంఖ్యకును నడుమ రెట్టింపునకు మించిన అంతరముండెను. ప్రభుత్వము వేసిన రోడ్డు కంటికి కనబడును. ఆ సొమ్ము పౌరుల చేతనే యున్నచో ఏమి వెలసియుండెడిదో కనబడదని ఫ్రెంచి రచయిత బాస్తియా 1850లోనే వ్రాసెను. ఈ రెండవ భయమున తుదితీర్పు చెప్పుట కష్టము. పండితులు ఇంకను వాదించుచునే యున్నారు.

మూడవ భయమే నా దృష్టిలో ప్రధానమైనది. ధనము వేగముగ పంచవలసివచ్చినపుడు పంచువాని ఇష్టము చట్టముకంటె బలమైనదగును. అంతట ప్రజాధనము పక్షధనమగును. సాయము పొందినవాడు పౌరుడుగ నుండక ఆశ్రితుడగును. ఈ భయము వట్టి ఊహ గాదు. అమెరికా చరిత్రలో దీనికి లోతైన వేళ్లు గలవు. 1829లో ఆండ్రూ జాక్సను అధ్యక్షుడైనప్పటినుండి గెలిచిన పక్షము తనవారికి ఉద్యోగములు పంచిపెట్టు వాడుక బలపడెను. 1881లో ఉద్యోగము దొరకక భంగపడిన యొకడు అధ్యక్షుడు గార్ఫీల్డును కాల్చెను. ఆయన ఆ గాయములవలననే మరణించెను. ఆ మరణము పిమ్మట 1883లో పెండిల్టను శాసనము వచ్చి పరీక్షలద్వారా నియామకములు మొదలయ్యెను.

ఉద్యోగములకు కట్టడి వచ్చెను గాని వ్యయమునకు రాలేదు. 1935లో రూజ్వెల్టు కాలమున పనికల్పనకై 488 కోట్ల డాలర్లు మంజూరై, వాని వినియోగమున అధ్యక్షునకు విశేష స్వేచ్ఛ లభించెను. ఆ ధనముతో వెలసిన పనుల సంస్థ 1943 వరకు నడచి సుమారు 85 లక్షలమందికి పని యిచ్చెను. అది కట్టిన రోడ్లు, పాఠశాలలు నేటికిని గలవు. ఆ మేలును కాదనుట కృతఘ్నత. కాని 1938లో కెంటకీ రాష్ట్రపు సెనేటు ఎన్నికలో ఆ పనివాండ్రను ఒక అభ్యర్థికి అనుకూలముగ మరల్చుచున్నారని థామస్ స్టోక్సు అను పత్రికావిలేఖరి బయటపెట్టెను. ఎదుటి అభ్యర్థి ఆ రాష్ట్రపు గవర్నరే. ఆయన రాష్ట్రోద్యోగులను వాడుకొనుచున్నాడని ఎదురు ఆరోపణ వచ్చెను. సెనేటు ఉపసంఘము విచారణ జరిపెను. తత్ఫలితముగ 1939లో హాచ్ శాసనము పుట్టి, ఓటునకు బదులుగా సాయపుపని ఆశచూపుట నేరమయ్యెను. కేంద్రోద్యోగులు ఎన్నికల ప్రచారము చేయుట నిషేధింపబడెను. తరువాత 1974లో గావిన్ రైట్ అను అర్థశాస్త్రవేత్త ఆనాటి లెక్కలు పరిశీలించి, బీదవియైన దక్షిణ రాష్ట్రములకంటె ఓట్లు అటునిటు మారగల పడమటి రాష్ట్రములకే తలకు ఎక్కువ ధనము చేరెనని చూపెను. ఆకలి యొకచోట, అన్నము మరియొకచోట!

2009 శాసనమునందును ఇట్టి అనుమానములు పుట్టెను. సూర్యశక్తి పరికరములు చేయు సొలిండ్రా అను కాలిఫోర్నియా కంపెనీకి 53 కోట్ల 50 లక్షల డాలర్ల అప్పునకు ప్రభుత్వము పూచీపడెను. 2010లో అధ్యక్షుడు స్వయముగ ఆ కర్మాగారమును దర్శించి ప్రశంసించెను. 2011లో అది దివాలా తీసి సుమారు 1,100 మంది పనివాండ్రు వీధిని పడిరి. అందు పెట్టుబడి పెట్టినవారితో సంబంధముగల ధనికుడొకడు ఒబామా ఎన్నికల నిధికి విరాళములు సేకరించినవాడగుటచే గొప్ప అలజడి కలిగెను. ఆ పలుకుబడివలననే అప్పు లభించెనని రుజువు కాలేదు. న్యాయవాదినగుటచే ఈ మాట చెప్పక తప్పదు. కాని ధర్మకర్త నిర్దోషియైన చాలదు. అనుమానమునకు తావులేకుండ వర్తింపవలెను. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని నడుమ ఎన్నికల విరాళము నిలిచియున్నంతకాలము ప్రజలు నమ్మరు. నమ్మకము పోయిన పిమ్మట మంచి వ్యయమునుగూడ జనులు దొంగసొమ్ముగనే చూతురు.

అయిన ఈ భయములు చెప్పిన కన్సర్వేటివు పక్షీయులు తాము పరిశుద్ధులా? కారు. 2005లో రిపబ్లికనుల ఆధిక్యముగల కాంగ్రెసే అలాస్కాలో యాబదిమంది మాత్రము నివసించు ద్వీపమునకు వంతెన కట్టుటకై 22 కోట్ల డాలర్లకు పైగా కేటాయించెను. ఆ వంతెన దేశమంతట నవ్వులపాలయ్యెను. 2009 శాసనమునకు వ్యతిరేకముగ ఓటు వేసిన పలువురు సభ్యులు, అది చట్టమైన వెంటనే తమ నియోజకవర్గములకు నిధులిమ్మని లేఖలు వ్రాసిరి. 2020లో కోవిడు మహమ్మారి కాలమున అధ్యక్షుడు ట్రంపు 2 లక్షల 20 వేల కోట్ల డాలర్ల శాసనముపై సంతకము చేసెను. అందుక్రింద జనులకు పంపిన చెక్కులపై ఆయన పేరు ముద్రింపబడెను. అట్టి పన్నుశాఖ చెక్కుపై అధ్యక్షుని పేరుండుట అదియే మొదటిసారి. ఆ వ్యయమును పర్యవేక్షించుటకు ఎన్నుకొనబడిన తనిఖీ అధికారి కొలదిదినములకే ఆ బాధ్యతనుండి తొలగవలసివచ్చెను. ఇతర పక్షము పంచినపుడు ఆశ్రితపోషణము, తన పక్షము పంచినపుడు ప్రజాసేవ యనుట వాదము గాదు, స్వార్థము.

కావున నేను చెప్పునది ఇంతే. భయము న్యాయమైనది, దానిని ఒక పక్షమునకే అంటగట్టుట అన్యాయము. వ్యయమును పూర్తిగ మానుట మందు గాదు. వ్యయమునకు నియమము విధించుటయే మందు. ఎవరికి ఎంత యనునది మంత్రి ఇష్టముచే గాక, జనసంఖ్య, నిరుద్యోగము మొదలగు ముందే ప్రకటించిన కొలతలచే నిర్ణయింపబడవలెను. కంట్రాక్టులు బహిరంగ పోటీలో ఈయబడవలెను. సాయమునకు గడువుండవలెను. లెక్క ఖర్చుపెట్టినవాని పెట్టెలోగాక పదిమంది కన్నుల ముందుండవలెను.

ఇది అసాధ్యము గాదు. 2009 శాసనముక్రిందనే స్వతంత్ర తనిఖీసంఘ మొకటి ఏర్పడి, వ్యయపు లెక్కలను ప్రజలెల్లరు చూచునట్లు ప్రకటించెను. ఆ లెక్కలలో లేని నియోజకవర్గముల పేర్లు కనబడి మొదట నగుబాటు కలిగినమాట నిజమే. కాని ఆ తప్పు పట్టినది ప్రజలే. లెక్క దాచియున్నచో అది పట్టుబడియుండెడిదే గాదు. అంత పెద్ద మొత్తమున మోసములు భయపడినంతగా జరుగకుండుటకు ఆ వెలుగుగూడ ఒక కారణమని చెప్పవచ్చును.

మన దేశమునకును ఈ పాఠము క్రొత్తది గాదు. 1959లో రాజగోపాలాచారి స్వతంత్ర పార్టీని స్థాపించి, పర్మిట్లు లైసెన్సుల రాజ్యము వర్తకుని అధికారపక్షమునకు బానిసను జేయునని హెచ్చరించెను. ఆ పార్టీకి మన ఆచార్య రంగా అధ్యక్షుడయ్యెను. 2005లో ఉపాధిహామీ శాసనము వచ్చిన పిమ్మట, 2006 నుండి ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీ జరుగనారంభించెను. గ్రామసభలో మస్తరు పట్టీని బిగ్గరగ చదువగా, పని చేయనివారి పేర్లు, చేసినవారికి చేరని కూలి బయటపడెను. అట్లు బయటపడిన సొమ్ములో తిరిగి రాబట్టబడినది స్వల్పమే. అయినను కూలివాడు లేచి నిలిచి నా కూలి యేదని పదిమందిలో అడుగగలిగెను. అతడు ఆ దినమున ఆశ్రితుడు గాడు, యజమాని.

స్వచ్ఛంద సేవకునిగ గ్రామములు తిరుగునపుడు పింఛను ఎవరిచ్చిరని ముసలివారి నడుగుచుందును. చట్టమిచ్చెనని చెప్పువారు అరుదు. ఫలానా నాయకుడిచ్చెనని చెప్పువారే హెచ్చు. ఆ నాయకుడు తన జేబులోనిది ఒక్క రూపాయియైన ఈయలేదు. అగ్గిపెట్టె వంటి వస్తువులు కొనునపుడు ఆ ముసలివారు చెల్లించినదే వారికి తిరిగివచ్చినది. తమ సొమ్మునకు తామే కృతజ్ఞులై వంగి నిలుచుట స్వాతంత్ర్యము గాదు.

సోదరులారా! ఈ పఠనమందిరమున పత్రికలు చదువు మీరు, మీ వీధిలో వేసిన రోడ్డునకు ఎంత మంజూరయ్యెనో, ఎవరికి కంట్రాక్టు ఇచ్చిరో, కొలతల పుస్తకమున ఏమి వ్రాసిరో అడుగుడు. 2005 నాటి సమాచారహక్కు శాసనము స్వల్పరుసుముతో ఆ అధికారమును మీకు ఇచ్చినది. మీ పక్షమువారు అధికారమున నున్నపుడు మరింత గట్టిగ అడుగుడు. పరాయి పక్షమును ప్రశ్నించుటకు ధైర్యము అక్కరలేదు. కంచె చేను మేయకుండ కాచువాడు రైతే గాని మరొక కంచె గాదు.