సర్క్యూట్‌ని శుభలేఖలా అచ్చు వేస్తే? ప్రింటెడ్, ఆర్గానిక్ ఎలక్ట్రానిక్స్ ఎక్కడ నిలబడతాయి?



ఈ రోజు టాపిక్ ప్రింటెడ్ ఎలక్ట్రానిక్స్, దాంతో పాటు ఆర్గానిక్ ఎలక్ట్రానిక్స్. వీటి గురించి నెట్‌లో వెతికితే దాదాపు ఒకే రకం మాటలు కనిపిస్తాయి. చాపలా చుట్టి సంచిలో పెట్టుకునే స్క్రీన్, చొక్కా మీద సోలార్ ప్యానెల్, పాల ప్యాకెట్ మీద కంప్యూటర్. ఇరవై ఏళ్ళుగా ఇవే కబుర్లు. కానీ ఇదే టెక్నాలజీ వేరే రూపంలో ఎప్పుడో మన ఇళ్ళలోకి వచ్చేసింది. అది ఎక్కడుంది, ఇంకా ఎక్కడికి వస్తుంది, రేపు ఎవరైనా ఒక కొత్త ప్రొడక్ట్ చూపిస్తే అది నిలబడుతుందో లేదో మనం ఎలా అంచనా వేయాలి అనేదే ఈ ఎపిసోడ్.

ముందు పేర్ల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. ప్రింటెడ్ అనేది ఎలా తయారు చేశారు అన్నదానికి పేరు. ఆర్గానిక్ అనేది దేనితో తయారు చేశారు అన్నదానికి పేరు. ఇక్కడ ఆర్గానిక్ అంటే మార్కెట్లో దొరికే ఆర్గానిక్ కూరగాయలు కాదండోయ్, కార్బన్ ఆధారంగా ఉండే అణువులు.

మామూలు సర్క్యూట్ బోర్డు ఎలా చేస్తారు? బోర్డు మొత్తం రాగి పొర ఉంటుంది, అక్కర్లేని చోట రసాయనంతో కరిగించేస్తారు. ప్రింటెడ్‌లో దీనికి రివర్స్, కావాల్సిన చోట మాత్రమే ఇంకు పెడతారు. మన ఊళ్ళో శుభలేఖల మీద, టీషర్టుల మీద స్క్రీన్ ప్రింటింగ్ చూసే ఉంటారు. సన్నటి జాలీ మీద ఇంకు పోసి రబ్బరు పట్టీతో లాగుతారు, డిజైన్ కిందకి దిగుతుంది. ఇక్కడా అదే పని, కాకపోతే ఇంకులో రంగు బదులు వెండి రేణువులో కార్బన్ పొడో ఉంటుంది. తర్వాత ఓవెన్‌లో వేడి చేస్తే ఆ రేణువులు ఒకదానికొకటి అంటుకుని కరెంటుకి దారి ఏర్పడుతుంది.

ఇక ఆర్గానిక్ కథ. ప్లాస్టిక్ అంటే కరెంటు పోనివ్వని వస్తువు అనే కదా మనం చదువుకున్నది. 1977లో హిడేకి షిరకావా, అలన్ మెక్‌డయర్మిడ్, అలన్ హీగర్ కలిసి పాలీఅసిటలీన్ అనే పాలిమర్‌కి అయోడిన్ ఆవిరి పట్టించారు. దాని కండక్టివిటీ దాదాపు కోటి రెట్లు పెరిగింది. ఆ పనికి 2000లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఇంకో ముఖ్యమైన మెట్టు 1987లో. కొడాక్‌లో పనిచేసే చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ఇద్దరూ రెండు పల్చటి ఆర్గానిక్ పొరలతో, పది వోల్టులలోపే వెలిగే లైట్ చూపించారు. ఈ రోజు చాలా ఫోన్లలో ఉన్న ఓఎల్ఈడీ డిస్‌ప్లేకి మూలం అదే.

ఇప్పుడు మన ఇంట్లో వెతుకుదాం. కీబోర్డు విప్పితే, చవక రకాల్లో కీల కింద ప్లాస్టిక్ షీట్లు ఉంటాయి, వాటి మీద వెండి రంగు గీతలు. అవి అచ్చు వేసినవే. కారు వెనక అద్దం మీద మంచు కరిగించడానికి అడ్డంగా గీతలు ఉంటాయి కదా, అవీ స్క్రీన్ ప్రింటింగే. మేడ మీద సోలార్ ప్యానెల్ ఉంటే దగ్గరికెళ్ళి చూడండి, ప్రతి సెల్ మీద సన్నటి గీతలు కనిపిస్తాయి. సెల్ సిలికానే, కానీ దాని నుంచి కరెంటు బయటికి తెచ్చే ఆ గీతల్ని ఎక్కువగా వెండి పేస్టుతో ప్రింట్ చేస్తారు.

అన్నిటికంటే మంచి ఉదాహరణ షుగర్ టెస్ట్ స్ట్రిప్. మనలో ఎంతమంది ఇంట్లో ఆ చిన్న డబ్బా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ స్ట్రిప్ అంటే ప్లాస్టిక్ ముక్క మీద ఎలక్ట్రోడ్లు, చాలా రకాల్లో కార్బన్ ఇంకుతో ప్రింట్ చేసినవి. వాటి మీద ఒక ఎంజైమ్ పూత. రక్తపు చుక్క తగలగానే ఎంజైమ్ గ్లూకోజ్‌తో చర్య జరుపుతుంది. ఆ చర్యలో వచ్చిన ఎలక్ట్రాన్లని మీడియేటర్ అనే ఇంకో రసాయనం ఎలక్ట్రోడ్ దాకా మోసుకొస్తుంది. మీటర్ చేసేదల్లా ఆ కరెంటు కొలవడం. షుగర్ ఎక్కువుంటే కరెంటు ఎక్కువ. ఈ పద్ధతి వెనక ఇంగ్లండ్‌లో క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్‌లలో జరిగిన రీసెర్చ్ ఉంది, 1987లో మెడిసెన్స్ కంపెనీ పెన్ను ఆకారంలో మొదటి మీటర్ తెచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ స్ట్రిప్ పని చేయాల్సింది వాడే ఆ కొన్ని సెకన్లే. ఇందులో ట్రాన్సిస్టర్ లేదు. లెక్కలన్నీ మీటర్‌లో ఉన్న సిలికాన్ చిప్ చేస్తుంది. అంటే ప్రింటింగ్‌కి చేతనైన పని ప్రింటింగ్‌కి, సిలికాన్‌కి చేతనైన పని సిలికాన్‌కి ఇచ్చారు.

దీనికి ఎదురు దారిలో వెళ్ళినవాళ్ళ సంగతీ చూద్దాం. కేంబ్రిడ్జ్ నుంచి 2000లో పుట్టిన ప్లాస్టిక్ లాజిక్ అనే కంపెనీ ప్లాస్టిక్ మీద ట్రాన్సిస్టర్లతో క్యూ అనే ఈ-రీడర్‌ని 2010 జనవరిలో చూపించింది. అదే నెలలో ఐప్యాడ్‌ని ప్రకటించారు. ఆగస్టుకల్లా క్యూని రద్దు చేసేశారు. ఇందాక చెప్పిన నోబెల్ గ్రహీత హీగర్ సహ వ్యవస్థాపకుడిగా ఉన్న కొనార్కా అనే కంపెనీ రోల్ మీద ప్లాస్టిక్ సోలార్ సెల్స్ చేసింది, 2012లో దివాలా తీసింది. ఆ సమయంలోనే సిలికాన్ ప్యానెళ్ళ ధరలు దారుణంగా పడిపోయాయి. జపాన్‌లో జేఓఎల్ఈడీ ఇంక్‌జెట్‌తో ఓఎల్ఈడీ తెరలు చేసింది, 2023లో అదీ కోర్టు మెట్లెక్కి చేతులెత్తేసింది. మీ ఫోన్‌లో ఉన్న ఓఎల్ఈడీ ఆర్గానిక్కే, కానీ అందులో రంగు వెలిగే పొరల్ని సాధారణంగా వాక్యూమ్‌లో ఆవిరి చేసి, సన్నటి లోహపు మాస్క్ గుండా పంపి అతికిస్తారు. ప్రింట్ చేయరు.

ఈ ముగ్గురి సైన్స్ తప్పు కాదు. వాళ్ళు వెళ్ళి తలపడింది అప్పటికే కొండలా ఉన్న పరిశ్రమతో, అదీ దాని సొంత మైదానంలో. అసలు తేడా ఎంతో ఒక నంబర్‌తో చూద్దాం. 2021లో ఆర్మ్, ప్రాగ్మాటిక్ కంపెనీలు కలిసి ప్లాస్టిక్ మీద ఒక 32 బిట్ ప్రాసెసర్ చేశాయి. ఇది ఆర్గానిక్ కాదు, మెటల్ ఆక్సైడ్ ట్రాన్సిస్టర్లు. మామూలు అచ్చు పద్ధతి కూడా కాదు. వంగే ఎలక్ట్రానిక్స్‌లో ఇది పెద్ద విజయమే. అందులో 18 వేలకి పైగా గేట్లు ఉన్నాయి. దాని స్పీడు 29 కిలోహెర్ట్జ్. 1971 నాటి ఇంటెల్ 4004 స్పీడు 740 కిలోహెర్ట్జ్. సో, యాభై ఏళ్ళ నాటి చిప్ కంటే స్పీడు తక్కువ. ఇక నిజంగా అచ్చు వేసే సర్క్యూట్లలో ఒక గీత వెడల్పు సాధారణంగా మన వెంట్రుక మందం లెక్కలో ఉంటుంది. సిలికాన్ చిప్‌లో కొలతలు నానోమీటర్లలో ఉంటాయి.

కాబట్టి, నేనైతే ఏ కొత్త ప్రింటెడ్ ప్రొడక్ట్ చూసినా మూడు ప్రశ్నలు అడుగుతాను.

మొదటిది, దీనికి వైశాల్యం కావాలా, స్పీడు కావాలా? చిప్‌లో ప్రతి చదరపు మిల్లీమీటరుకీ డబ్బు పెట్టాలి. అడుగుల కొద్దీ పరవాలంటే సిలికాన్ పని చేయదు, ప్రింటింగ్ చేస్తుంది. చాలా కార్లలో ముందు సీటులో మనిషి కూర్చున్నాడా లేదా అని తెలుసుకునే షీటు ప్రింట్ చేసిందే. అందుకే సీటు బెల్టు పెట్టుకోకపోతే కారు గోల చేస్తుంది. ఒంటికి అతికించే ప్యాచ్‌లు, మంచం మీద ఒత్తిడి చూసే పరుపులు ఈ కోవలోకే వస్తాయి. టోక్యోలో తకావో సొమేయా టీమ్ 2013లో చూపించిన ఎలక్ట్రానిక్ ఫిల్మ్ బరువు చదరపు మీటరుకి మూడు గ్రాములే. చర్మం మీద పెడితే ఉన్నట్టే తెలియదు.

రెండో ప్రశ్న, ఎంతకాలం బతకాలి? ఆర్గానిక్ పదార్థాలకి గాలిలో ఆక్సిజన్, తేమ శత్రువులు. ఓఎల్ఈడీని కాపాడే పొర గుండా ఒక చదరపు మీటరులో రోజుకి గ్రాములో పది లక్షల వంతు నీటి ఆవిరి దాటినా ఎక్కువే అంటారు. లాబ్‌లో ఆర్గానిక్ సోలార్ సెల్స్ 19 శాతం ఎఫిషియెన్సీ దాటాయి, చాలా బాగుంది. కానీ మేడ మీద సిలికాన్ ప్యానెల్‌కి పాతికేళ్ళ వారంటీ ఇస్తున్నారు. మన మే నెల ఎండలో పాతికేళ్ళు! అందుకే ఆర్గానిక్ సెల్స్ ఇప్పుడు మేడ దిగి గదిలోకి వస్తున్నాయి. స్వీడన్‌లో ఎపిషైన్ అనే కంపెనీ ట్యూబ్‌లైట్ వెలుతురుతో పనిచేసే సెల్స్ ప్రింట్ చేస్తోంది. గదిలో ఉష్ణోగ్రత చూసే చిన్న సెన్సర్లో బ్యాటరీ మార్చే పని తప్పితే చాలు, దానికి అర్థం ఉంది.

మూడో ప్రశ్న అందరూ మర్చిపోయేది. ఇది దేని స్థానంలోకి వస్తోంది, దాని ధరెంత? ప్రింటెడ్ ఎలక్ట్రానిక్స్‌కి అసలు పోటీ చాలాసార్లు ఒక మామూలు స్టిక్కర్. పల్స్ పోలియో చుక్కల మందు సీసా మీద ఒక గుండ్రటి గుర్తు, మధ్యలో చిన్న చదరం ఉంటాయి. దాన్ని వ్యాక్సిన్ వయల్ మానిటర్ అంటారు, 1996 నుంచి వాడుతున్నారు. వేడి తగిలేకొద్దీ చదరం నల్లబడుతుంది. బయటి గుండ్రం రంగుకి వచ్చిందంటే ఆ సీసా పారేయాలి. బ్యాటరీ లేదు, చిప్ లేదు, యాప్ లేదు. మారుమూల తండాలో ఏఎన్ఎం కంటితో చూసి చెప్పేస్తుంది. నేను ప్రింటెడ్ టెంపరేచర్ సెన్సర్ చేస్తే ఈ స్టిక్కర్ కంటే ఏం ఎక్కువ ఇస్తున్నానో చెప్పగలగాలి. ఏ గంటకి, ఎక్కడ వేడెక్కింది అనే రికార్డు కావాలంటే సరే, ఎలక్ట్రానిక్స్ కావాలి. లేదంటే స్టిక్కరే మేలు.

ఈ మూడూ దాటిన వస్తువులు చాలావరకు హైబ్రిడ్. మన కారు అద్దం మీద ఫాస్టాగ్ చూడండి. పల్చటి ఫిల్మ్ మీద యాంటెన్నా, మధ్యలో ఆవగింజ కంటే చిన్న సిలికాన్ చిప్. ఇలాంటి ట్యాగుల్లో యాంటెన్నాని లోహపు పొర కరిగించి చేస్తారు, లేదా ఇంకుతో అచ్చు వేస్తారు. తెలివి చిప్‌ది, వైశాల్యం ఫిల్మ్‌ది. నాకు తెలిసి రాబోయే పదేళ్ళలో మనం చూసేవి ఎక్కువగా ఇలాంటివే.

ఇప్పుడు రెండు ఇబ్బందులు కూడా చెప్పాలి. ఒకటి చెత్త. వాడి పారేసేంత చవక అని మనం సంతోషపడేది ప్లాస్టిక్, వెండి కలిసి అతుక్కుపోయిన వస్తువు గురించి. ఒక్కో ముక్కలో వెండి ఎంతో ఉండదు, దాన్ని వెనక్కి తీయడం ఎవరికీ గిట్టదు. ప్రతి ప్యాకెట్ మీదా సర్క్యూట్ అనే కల నిజమైతే అది ఎక్కడికి పోతుందో ముందే అడగాలి.

రెండోది ధర. అచ్చు వేయడం చవక అయినంత మాత్రాన అమ్మే ధర తగ్గాలని రూలేం లేదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ స్టడీ మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని అంచనా వేసింది. స్ట్రిప్‌కి పది, పదిహేను, ఇరవై రూపాయలు పెట్టాలి. ఒక కంపెనీ మీటర్‌లో మామూలుగా ఇంకో కంపెనీ స్ట్రిప్ పట్టదు. ఇన్సులిన్ వేసుకునే పెద్దాయన రోజుకి రెండుసార్లు చూసుకోవాల్సింది, "డబ్బా అయిపోతుందిలే నాన్నా" అని వారానికోసారి చూసుకుంటాడు. ఇది చాలా ఇళ్ళలో జరిగేదే. ప్రపంచంలో ప్రింటెడ్ ఎలక్ట్రానిక్స్ సాధించిన అతి పెద్ద విజయాల్లో ఒకటి మన అలమరాలో పొదుపుగా దాచుకునే వస్తువు అయి కూర్చుంది. నాకు చుట్ట చుట్టే టీవీ కంటే, ఈ స్ట్రిప్ రెండు రూపాయలకి రావడమే పెద్ద ఇన్నోవేషన్.

చివరిగా, ఈసీఈ, ట్రిపుల్ఈ, మెకానికల్, కెమికల్ చదివే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట. ఐఐటీ కాన్పూర్‌లో ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్ కోసం ఒక నేషనల్ సెంటర్ ఉంది, చూడండి. ఈ ఫీల్డ్‌లో ఇంకు చిక్కదనం, ప్లాస్టిక్ సాగడం, పూత పగలడం లాంటివే సగం ఇంజినీరింగ్. సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ పనుంది. ప్రింట్ చేసినప్పుడు ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ తేడా వస్తుంది. పాత షుగర్ మీటర్లలో డబ్బా మీద ఉన్న కోడ్ నంబర్ కొట్టమని అడిగేవి, గుర్తుందా? ఆ బ్యాచ్ తేడాని లెక్కలో సరిచేయడానికే అది. హార్డ్‌వేర్‌లో ఉన్న వంకరని కోడ్‌తో సరిచేయడం మన పనే కదా.

ఈ వారం మీ ఇంట్లో ప్రింటెడ్ సర్క్యూట్ ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టి కింద రాయండి. నేను చెప్పనివి ఇంకా చాలా ఉన్నాయి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.