ఇప్పచెట్టు కింద నిప్పు

ఎండలు ముదురుతుంటే చండ్రుగొండ అడవుల్లో ఇప్పపూలు రాలతాయి. తెల్లారకముందే జనం బుట్టలతో ఏరడానికి బయల్దేరతారు. ఎండుటాకుల్లో పూలు కనపడవని కొందరు చెట్టు కింద ముందే నిప్పు పెడతారు. ఏరుకోవడం సులువే, కాదనను. కానీ ఆ మంటలో కిందటి వానలకు మొలిచిన తునికి, సారపప్పు, ఇప్ప మొక్కలన్నీ మాడిపోతాయి. నేలమీద గూడు కట్టే పిట్టల గుడ్లూ మిగలవు. ముసలి చెట్టు పడిపోయాక పూలెక్కడివి?

చెట్లను కాపాడమని గోడమీద నినాదాలు రాస్తే జనం మారరు. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారు ఆ నినాదాన్నే మెడలో వేసుకుని, సైకిల్ మీద విత్తనాలు, మొక్కలతో ఊరూరా తిరిగారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

అడవిని కాపాడాలంటే అందులో ఏముందో కూడా ఊరికి తెలియాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థలు కమిటీలు వేసుకుని, ఊరి చెట్లు, చేపలు, విత్తనాలు, వాటి గురించి పెద్దలకు తెలిసిన సంగతులు రిజిస్టరులో రాయించాలి. ఆ రిజిస్టరు బీరువాలో కాదు, బడిలో ఉండాలి. ఇక్కడి కోయ గిరిజన పెద్దలు చెబుతుంటే పిల్లలు రాసుకోవాలి.

ఈసారి ఇప్పపూల కాలానికి చెట్టు కింద ఆకులు చీపురుతో ఊడ్చి, పాత చీరో వలో పరవండి. అగ్గిపెట్టె మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి.