కంప్యూటరు నిర్మాణము – రక్షణవిద్య నభ్యసించువా రెఱుగవలసిన మూలవిషయములు



మన సంఘనిధినుండి విద్యార్థివేతనములు కోరువారిలో సైబరు సెక్యూరిటీ నభ్యసింపదలచిన బాలబాలికలు నానాట హెచ్చుచున్నారు. ఈ విద్యకు రెండు త్రోవలు గలవు. కొన్ని వారములలో నాలుగు సాధనముల వాడుక నేర్పి యోగ్యతాపత్రము చేతికిచ్చు శిక్షణ యొకటి. యంత్రము లోపల నేమి జరుగుచున్నదో మొదటినుండి నేర్పు చదువు మఱియొకటి. ధనమిచ్చు పెద్దలకు ఈ రెంటికిని గల భేదము తెలియవలెను గదా! కావున నేడు యంత్రమును గూర్చియే మనవి చేసెదను.

నేతవృత్తిలో పుట్టిన మనకు ఇది బొత్తిగా క్రొత్త సంగతి కాదు. ఫ్రాన్సుదేశీయుడగు జోసెఫ్ మారీ జకార్డు 1804 ప్రాంతమున నిర్మించిన సాధనము పేరు మనవారి నోట నేటికిని నానుచున్నది. చిల్లులుగల అట్టలు వరుసగా తిరుగును. చిల్లున్నచోట సూది లోనికి చొచ్చును. దానికి తగిలిన కొక్కెము పడుగుపోగును పైకెత్తును. చిల్లు లేనిచోట పోగు కదలదు. అంచులోని హంసయు, కొంగులోని పువ్వును ఆ అట్టలలోనే యున్నవి. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఆజ్ఞల నందించుట కీ పద్ధతినే గ్రహించెను.

ఐతే మగ్గముమీద అట్ట వేఱు, నూలు వేఱు. అట్ట ఆజ్ఞ, నూలు సరకు. నూలెంత చిక్కుపడినను అట్టగా మారి మగ్గము నాజ్ఞాపింపజాలదు. కంప్యూటరులో నట్లు కాదు. 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ పేర వెలువడిన ఎడ్వాక్ నివేదికలోని పద్ధతి ననుసరించి, ఆజ్ఞలును సరకును ఒకే మెమొరీలో నుండును. మెమొరీ యనగా వరుససంఖ్యలు వేసిన గళ్లు. తరువాతి యాజ్ఞ ఎన్నవ గడిలో నున్నదో ప్రాసెసరు గుర్తుంచుకొని, అచ్చటికి పోయి, దొరికినదానిని చదివి నెరవేర్చును. దొరికినది యజమాని వ్రాసిన యాజ్ఞయో, బయటివాడు పంపిన సరకో అది తనంతట తాను విచారింపదు.

దీని ఫలము 1988 నవంబరు 2వ తేదీన అమెరికాలో వెల్లడియయ్యెను. రాబర్ట్ మోరిస్ అను విద్యార్థి విడిచిన 'పురుగు' అప్పటి ఇంటర్నెట్టులో సుమారు 6000 కంప్యూటర్లను పట్టెనని నాటి అంచనా. అది పోయిన త్రోవలలో ఒకటి చూడుడు. ఫలానావా డెవడని యడిగినవారికి బదులు చెప్పు చిన్న ప్రోగ్రాము ఒకటి యుండెను. అడిగిన మాటను దాచుటకు దానియందు 512 బైట్ల చోటు గలదు. వచ్చిన మాట యెంత పొడవున్నదో కొలిచి చూచుట మాత్రము లేదు. పురుగు 536 బైట్లు పంపెను. మిగిలినవి ప్రక్కగళ్లలోనికి పొరలినవి. పని ముగిసినపిమ్మట ప్రాసెసరు మరలి పోవలసిన గడిసంఖ్య ఆ ప్రక్కనే వ్రాసియుండెను. అది చెఱిగి, పురుగు పంపిన సంఖ్య దానిచోట నిలిచెను. ప్రాసెసరు ఆ గడికి పోయి, బయటినుండి వచ్చిన మాటనే ఆజ్ఞగా నడపెను. నూలు అట్టయైనది!

దీనికి విరుగుడుగా, 2003లో వచ్చిన ఏఎండీవారి 64 బిట్ల ప్రాసెసర్లు 'ఈ పుటలోనిది ఆజ్ఞగా నడపరాదు' అను గుర్తును మెమొరీపుటలకు పెట్టు వసతి కల్పించినవి. దొంగయు ఊరకుండలేదు. క్రొత్త అట్ట తేనక్కఱలేదు, మగ్గముమీది అట్టల ముక్కలనే తనకు వలసిన వరుసలో త్రిప్పిన చాలునని 2007లో పరిశోధకులే ప్రకటించి చూపిరి. సాధనముల వాడుక మాత్రము నేర్చినవానికి ఈ మార్పు ఏల వచ్చెనో బోధపడదు.

ఇక ఆపరేటింగు సిస్టము. మన సంఘసభ్యులలో నెవరును నిధిపెట్టెలో చేయి పెట్టరు. కోశాధికారికి దరఖాస్తు పెట్టుకొందురు, ఆయన విచారించి యిచ్చును. కంప్యూటరులో ఆ కోశాధికారి పేరు కెర్నెలు. ప్రాసెసరునకు రెండు దశలు గలవు: కెర్నెలు నడచునపుడు సర్వాధికారము, ఇతర ప్రోగ్రాములు నడచునపుడు పరిమితాధికారము. ప్రతి ప్రోగ్రామునకును వేఱు గళ్లపట్టికను కెర్నెలు వ్రాసి యిచ్చును. సాధారణముగా ఒకదాని గళ్లు మఱియొకదానికి కనబడవు. ఫైలు తెఱచుటకైనను దరఖాస్తు పెట్టుకొనవలసినదే.

కోశాధికారియే పొరబడినచో? 2017 మే నెలలో వన్నాక్రై యను పీడ విండోస్ కెర్నెలులోని ఫైళ్ల పంపకపు భాగమునందలి లోపముగుండా ప్రవేశించెను. మైక్రోసాఫ్టువారు మార్చిలోనే సవరణ విడుదల చేసియుండిరి, వేసికొననివారు చెడిరి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నియు చిక్కినవి.

2024 జూలై 19న జరిగినది మఱింత విచిత్రము. క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణసంస్థవారి సాఫ్టువేరు కెర్నెలులో భాగముగా నడుచుచుండెను. వారు పంపిన నవీకరణలోని దోషముచే అది తన పట్టిక హద్దు దాటి చదువబోయెను. సాధారణ ప్రోగ్రామైనచో అదొక్కటియే ఆగిపోయెడిది. కెర్నెలులోనిది గావున యంత్రములే కుప్పకూలినవి. సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్టువారి అంచనా. ఎన్నియో విమానములు నిలిచిపోయినవి. కొలిచి చూడక హద్దు దాటుట 1988లో దొంగకు దారి. 2024లో కావలివాని పనియే. ముప్పదియాఱేండ్ల పిమ్మటను ఇది తీఱలేదు. ఈ చదువుకు కాలము చెల్లినదనువారికి నా సమాధాన మింతే.

వ్యయమునకు జంకనక్కఱలేదు. బోధనకై ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయమువారు 2006లో నిర్మించిన ఎక్స్‌వీ6 అను చిన్న ఆపరేటింగు సిస్టమును, దానిని వివరించు గ్రంథమును ఉచితముగా లభించుచున్నవి. పాత కంప్యూటరొకటి చాలును. గ్రంథ మింగ్లీషున నున్నది; తెలుగు మాధ్యమమున చదివినవారికి తొలినెలలలో ప్రక్కన కూర్చుండి చెప్పువా రుండవలెను. మన కులమునందే ఈ యుద్యోగములలో నున్న యువకులు పలువురు గలరు. ఆదివారములందు రెండు గంటలు వసతిగృహమునకు వచ్చిన చాలును.

కార్యవర్గమువారికి నా విన్నపములు రెండు. రక్షణవిద్యకై వేతనము కోరు విద్యార్థిని ఆ 536 బైట్ల కథ గళ్లు గీసి చెప్పుమని యడుగుడు. చెప్పలేనివానిని త్రోసివేయక, మొదట ఆరు నెలలు వసతిగృహమున ఈ గ్రంథము చదువనిండు. రెండవది, ఆ చదువునకు వలయు రెండు కంప్యూటర్ల వెలను ఈ సంవత్సరపు లెక్కలలో చేర్చు తీర్మానమును రేపటి విషయనిర్ణయసభలో ప్రవేశపెట్టుడు.